వెనుక పార్కింగ్ సెన్సరు మొరాయించినప్పుడు: లోపాన్ని తేల్చుకుని సెన్సరును చేరుకునే విధానం

2019 జూలై 1 తరువాత మన దేశంలో తయారైన ప్రతి ప్రయాణికుల కారుకూ వెనుక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. ఒకప్పుడు ఖరీదైన కార్లకే పరిమితమైన ఈ పరికరం ఇప్పుడు అమలాపురం, పాలకొల్లు, భీమవరం వీధుల్లో తిరిగే చిన్న కార్లలోనూ ఉంటోంది. అది సక్రమంగా పనిచేసినన్నాళ్లూ దాని గురించి ఎవరూ ఆలోచించరు. ఒకనాడు రివర్స్ గేరు వేయగానే వెనుక ఏమీ లేకపోయినా ఆగకుండా మోగడమో, గోడ తగిలేదాకా అసలు మోగకపోవడమో మొదలవుతుంది. అప్పుడు చాలామంది కారును నేరుగా షెడ్డుకు తీసుకువెళ్తారు; అక్కడ ముందుగా బంపరు ఊడదీస్తారు, ఆ తరువాత సెన్సర్లన్నీ మార్చేస్తారు. చాలా సందర్భాల్లో ఇంత అవసరం ఉండదు. గోదావరి డెల్టాలో తిరిగే కారు విషయంలో సెన్సరు కన్నా ముందు అనుమానించవలసినవి రెండున్నాయి: దాని ముఖం మీద ఎండిన ఒండ్రు మట్టి, దాని వెనుక కనెక్టరులో పట్టిన చిలుము. మొదటిదానికి బంపరు జోలికే పోనక్కరలేదు. రెండోదానికి విప్పవలసి వచ్చినా, ఏ సెన్సరు కోసం విప్పుతున్నామో ముందే తెలిసి ఉంటే పని చాలా తేలికవుతుంది.

సెన్సరు పనిచేసే తీరు

బంపరు మీద చిన్న బిళ్లలా కనిపించే సెన్సరు ముఖం నిజానికి పల్చని అల్యూమినియం పలక. దాని లోపలి వైపు అతికించిన పీజో సిరామిక్ బిళ్లకు విద్యుత్తు అందినప్పుడు ఆ పలక సెకనుకు 40 వేల నుంచి 50 వేల సార్లు కంపిస్తూ, మన చెవికి అందని ధ్వనిని వెనక్కు పంపుతుంది. ఆ ధ్వని ఎదుటి వస్తువుకు తగిలి తిరిగి వచ్చినప్పుడు అదే పలక దానిని అందుకుంటుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు కాబట్టి, మీటరు దూరంలోని గోడ దాకా వెళ్లి రావడానికి దాదాపు 6 మిల్లీసెకన్లు పడుతుంది. సెన్సర్లను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె, అంటే కంట్రోల్ యూనిట్, ఈ వ్యవధిని బట్టి దూరాన్ని లెక్కకట్టి బీప్ వేగాన్ని పెంచుతుంది.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే లోపాల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి. గుడిగంటను కొట్టి చేయి తీసిన తరువాత కూడా మోత కాసేపు నిలిచినట్టే, ధ్వనిని పంపిన తరువాత ఆ పలక కూడా క్షణకాలం కంపిస్తూనే ఉంటుంది. ఆ కంపనం అణగేదాకా అది దేనినీ వినలేదు. మరీ దగ్గరగా, అంటే జానెడు దూరంలో ఉన్న వస్తువును సెన్సరు నికరంగా కొలవలేకపోవడానికి కారణం ఇదే. పలకకూ బంపరుకూ మధ్య ఉండే రబ్బరు రింగు జారినా, ఆ సందులో మట్టి చేరి గట్టిపడినా కంపనం బంపరులోకి పాకి మరికొంతసేపు నిలుస్తుంది. యూనిట్ దానిని దగ్గరి వస్తువు నుంచి వచ్చిన ప్రతిధ్వనిగా భావించి ఆపకుండా మోగిస్తుంది. కాబట్టి ఖాళీ స్థలంలో ఎడతెగకుండా మోగే సెన్సరు చాలావరకు ప్రాణం ఉన్న సెన్సరే.

మోత తీరును బట్టి దారి పట్టడం

రివర్స్ గేరు వేసినప్పుడు ఏ చప్పుడూ రాకపోతే ముందు సెన్సర్ల దగ్గరకు వెళ్లకూడదు. రివర్స్ లైటు వెలుగుతోందో లేదో ఎవరినైనా వెనుక నిలబెట్టి చూడాలి. అదీ వెలగకపోతే లోపం ఫ్యూజులోనో, గేరుబాక్సు మీద ఉండే రివర్స్ స్విచ్చులోనో ఉంటుంది. సెన్సర్లన్నీ ఒకేసారి చెడిపోవడం అరుదు. లైటు వెలుగుతూ సెన్సర్లు మాత్రమే మౌనంగా ఉంటే వాటి ఫ్యూజును, యూనిట్‌కు వచ్చే సప్లయిని, బజరును చూడాలి.

గేరు వేయగానే రెండు మూడు సెకన్ల పాటు ఒకే దీర్ఘమైన మోత వచ్చి, ఆ తరువాత ఆగిపోతే, యూనిట్ తనను తాను పరీక్షించుకుని ఏదో ఒక సెన్సరు నుంచి జవాబు రాలేదని చెబుతున్నట్టు. చాలా కార్లలో అర్థం ఇదే అయినా, మీ కారు మాన్యువల్‌లో ఆ మోత గురించి ఏమని ఉందో ఒకసారి చదవడం మంచిది. ఇది విద్యుత్ సంబంధమైన లోపం: వైరు తెగి ఉండాలి, కనెక్టరు పాడై ఉండాలి, లేదా సెన్సరే పోయి ఉండాలి.

ఆగకుండా మోగడం వేరు. దీనికి కారణాలు ఎక్కువగా బయటే ఉంటాయి: మట్టి, నీటి బొట్లు, వంగి బయటికి పొడుచుకు వచ్చిన నెంబరు ప్లేటు, తరువాత బిగించిన కొక్కెం, చిన్న దెబ్బకు లోపలికి నొక్కుకుపోయిన సెన్సరు. సెన్సరు కొద్దిగా కిందికి వాలినా అది నేలనే అడ్డంకిగా చూస్తుంది. డిక్కీలో కొబ్బరికాయల బస్తాలు నింపినప్పుడు కారు వెనుక భాగం దిగిపోయి, సెన్సర్లన్నీ నేల వైపు తిరగడం వల్ల కూడా ఇలా జరగవచ్చు. బరువు దించి చూడకుండా లోపం ఉందని నిర్ణయించకూడదు. 216వ నెంబరు జాతీయ రహదారి మీద లారీ పక్కన ఆపినప్పుడు మాత్రమే మోగితే, ఆ లారీ ఎయిర్ బ్రేకుల చప్పుడులో సెన్సరు వినే ధ్వని కూడా ఉంటుందన్న సంగతి గుర్తుచేసుకుని, మరోచోట తిరిగి చూడాలి.

వానపడిన రోజున గాని, తెల్లవారుజామున మంచు పట్టినప్పుడు గాని మాత్రమే కనిపించి ఎండ ఎక్కాక మాయమయ్యే లోపం అన్నిటికన్నా ముఖ్యమైనది. అది కనెక్టరులోకి తేమ దిగిందనడానికి గుర్తు. అప్పుడే పట్టించుకుంటే శుభ్రం చేయడంతో పోతుంది, ఏడాది వదిలేస్తే పిన్ను తినేస్తుంది.

కడగడం, వినడం

ముందుగా సెన్సర్లను కడగాలి. గోదావరి ఒండ్రు ఎండితే సిమెంటులా పట్టుకుంటుంది కాబట్టి గోటితోనో బ్లేడుతోనో గీకకుండా, తడిగుడ్డ పది నిమిషాలు అద్ది ఉంచి, నానిన తరువాత మెత్తటి బ్రష్షుతో సెన్సరు చుట్టూ ఉన్న సన్నని సందును తుడవాలి. రొయ్యల చెరువుల గట్ల మీద, అంతర్వేది, ఓడలరేవు వంటి తీర గ్రామాల్లో తిరిగే కార్లకు తెల్లని ఉప్పు పొర కూడా పడుతుంది. దానికి మంచినీళ్లు తప్ప మరేమీ అక్కరలేదు. వాటర్ సర్వీసింగ్ గన్నును సెన్సరుకు దగ్గరగా పెట్టి కొట్టనివ్వకూడదు. ఆ ఒత్తిడికి నీరు రబ్బరు రింగును దాటి లోపలికి వెళ్తుంది.

ఆరిన తరువాత వినే పరీక్ష చేయాలి. కారును సమతలమైన చోట నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టి, ఇంజను ఆపి ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి రివర్స్ గేరు వేయాలి. ఆటోమేటిక్ కారైతే ఒక మనిషి బ్రేకు తొక్కి సీటులోనే కూర్చోవాలి. ఇప్పుడు సెన్సరు దగ్గర చెవి పెడితే టిక్ టిక్ మని అతి సన్నని చప్పుడు వినిపిస్తుంది. మేస్త్రీలు మట్టం చూడటానికి వాడే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని అర మీటరు కోసుకుని, ఒక కొస చెవి దగ్గర, మరో కొస సెన్సరు ముఖానికి ఆనీ ఆనకుండా పెడితే ఆ చప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. వేలికొన ఆనించినా స్వల్పమైన అదురు అందుతుంది. సెన్సర్లు వంతులవారీగా కూడా పలుకుతాయి కాబట్టి ఒక్కొక్కదాని దగ్గర కొద్దిసేపు ఆగాలి. మిగిలినవి పలుకుతూ ఒకటి మాత్రం పలకకపోతే అనుమానించవలసిన సెన్సరు దొరికినట్టే. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, ఒక్క స్క్రూ విప్పనక్కరలేదు. అయినా షెడ్డుల్లో దీనిని చేసేవారు తక్కువ కావడం నాకు బాధ కలిగించే విషయం.

పలికే సెన్సరు వినకపోవచ్చు కూడా. అందుకే మూడంగుళాల పివిసి గొట్టం ముక్కను నిలువుగా పట్టుకుని, ప్రతి సెన్సరుకూ ఎదురుగా రెండడుగుల దూరంలో ఉంచి, బీప్ వస్తోందో లేదో చూసుకోవాలి.

తారుమారు చేసి చూడటం, మీటరుతో చూడటం

అనుమానించిన సెన్సరును దాని పక్క సెన్సరుతో తారుమారు చేసి చూడటమే నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష. లోపం సెన్సరుతో పాటు కొత్త స్థానానికి వెళ్తే సెన్సరు పోయినట్టు. లోపం పాత స్థానంలోనే నిలిస్తే సెన్సరు మంచిదే, వైరులోనో కనెక్టరులోనో చూడాలి. కారు కొన్న తరువాత షాపులో బిగించిన సెన్సర్లయితే ఈ పని మరీ సులువు. వాటి వైర్లు డిక్కీలో పక్క ప్యానెల్ వెనుక ఉండే చిన్న పెట్టెకు వస్తాయి, ప్లగ్గుల మీద ఎ, బి, సి, డి అన్న గుర్తులుంటాయి. ఆ పెట్టె దగ్గరే రెండు ప్లగ్గులను మార్చిపెట్టి చూడవచ్చు. కంపెనీ నుంచి వచ్చిన సెన్సర్లకు ప్లగ్గులు బంపరు వెనుక, సెన్సరుకే ఉంటాయి కాబట్టి ముందు అక్కడికి చేరుకోవాలి.

కంపెనీ సెన్సర్లకు సాధారణంగా మూడు వైర్లుంటాయి: సప్లయి, ఎర్తు, సిగ్నల్. ఇగ్నిషన్ ఆన్ చేసి రివర్స్ గేరులో ఉంచి, సప్లయికీ ఎర్తుకూ మధ్య మల్టీమీటరు పెడితే కారును బట్టి 8 నుంచి 12 వోల్టుల దాకా కనిపిస్తుంది. ఖచ్చితమైన అంకె కోసం వెతకడం కన్నా, బాగా పనిచేసే పక్క సెన్సరు కనెక్టరులో ఎంత వస్తోందో ఇక్కడా అంతే వస్తోందా అని పోల్చుకోవడం మేలు. సిగ్నల్ వైరునూ అలాగే పోల్చాలి. వైరు తొడుగులో సూది గుచ్చి కొలవడం కొందరికి అలవాటు. ఈ ప్రాంతపు ఉప్పుగాలిలో అది చేయకూడని పని, ఎందుకంటే ఆ సూది రంధ్రం గుండానే తేమ దిగి కొన్ని నెలల్లో వైరు లోపల నల్లబడిపోతుంది. మీటరు కడ్డీని కనెక్టరు ముఖంలోనే జాగ్రత్తగా ఆనించాలి.

కారులో నమోదైన లోపాల కోడ్లను చదివే స్కానర్ ఉన్నవారు ఏ సెన్సరు జవాబివ్వడం లేదో నేరుగా చదువుకోవచ్చు. అయితే చౌకగా దొరికే బ్లూటూత్ స్కానర్లలో చాలావాటికి ఇంజను కోడ్లు తప్ప బాడీ విభాగపు కోడ్లు అందవు. వాటిలో ఏమీ కనిపించలేదని లోపం లేదనుకోకూడదు.

కనెక్టరులో ఏం చూడాలో ఒక ఉదాహరణతో చెబుతాను. రాజోలు వైపు రొయ్యల చెరువుల మధ్య రోజూ తిరిగే ఒక కారుకు ఎడమ మూల సెన్సరు పలకలేదు. కనెక్టరు తాళం నొక్కి లాగితే లోపలి రబ్బరు సీలు ఒక పక్కన చిట్లి ఉంది. మూడు పిన్నుల్లో రెండు మెరుస్తున్నాయి. మూడోది, సప్లయి వచ్చే పిన్ను, నీలం కలిసిన ఆకుపచ్చ పొడిలో కూరుకుపోయి ఉంది. పుల్లతో తాకితే ఆ పొడి రాలి, దాని వెనుక దారపు పోగంత రాగి మాత్రమే మిగిలింది. ఆ సెన్సరునే పక్క కనెక్టరుకు తగిలిస్తే చక్కగా పలికింది. ఉప్పునీటి తడిలో విద్యుత్తు ఉన్నప్పుడు ప్లస్ వైపు లోహమే ముందుగా కరిగిపోతుంది, అందుకే చూపు ముందు ఆ పిన్ను మీదికే పోవాలి. ఈ కారుకు కొత్త సెన్సరు అవసరం లేదు. కనెక్టరు ముక్క ఒక్కటి మారిస్తే సరిపోయింది.

సార్వా, దాళ్వా కోతల తరువాత గడ్డిమేటు పక్కన కారు పెట్టేవారు ఎలుకలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. బంపరు వెనుక గడ్డిపరకలు, కొరికిన నురగ ముక్కలు కనిపిస్తే వైరింగును ఆ కొస నుంచి ఈ కొస దాకా చేత్తో తడిమి చూడాలి. 2022 జూలైలో లంక గ్రామాల దారులు మునిగినట్టు నీరు వచ్చినప్పుడు ఆ నీటిలో నడిచిన కారుకైతే, సెన్సర్లు పనిచేస్తున్నా సరే, కనెక్టర్లు విప్పి ఆరబెట్టాలి.

సెన్సరును చేరుకోవడం

దారులు మూడు, తేలికైన దానితో మొదలుపెట్టాలి. చాలా చిన్న కార్లలో బంపరు కింది అంచున ఉండే ప్లాస్టిక్ క్లిప్పులు కొన్ని తీస్తే, కింది నుంచి చేయి పైకి పెట్టి నడిమి సెన్సర్ల కనెక్టర్లను అందుకోవచ్చు. సైలెన్సరు పూర్తిగా చల్లారిన తరువాతే చేయి పెట్టాలి. కారును పైకి లేపకుండానే ఈ పని అయితే మంచిది. లేపవలసి వస్తే మాత్రం, మన మెత్తటి నేలలో జాకీ దిగబడుతుంది కాబట్టి దాని కింద మందపాటి చెక్క వేయాలి, స్టాండులు పెట్టాలి, ఒక్క జాకీని నమ్మి కారు కిందికి ఎన్నడూ దూరకూడదు.

కొన్ని కార్లలో టెయిల్ ల్యాంపు తీస్తే మూల సెన్సరు కనెక్టరు అందుతుంది. డిక్కీ తలుపు తెరిచినప్పుడు కనిపించే స్క్రూలు విప్పి, ల్యాంపును వంచకుండా తిన్నగా వెనక్కు లాగాలి.

ఈ రెండూ కుదరకపోతేనే బంపరు. దీనికి ఇద్దరు మనుషులు కావాలి. ఇగ్నిషన్ ఆపి, తాళంచెవి తీసేసి, బంపరు అంచు బాడీకి కలిసే చోట రంగు గీసుకుపోకుండా మాస్కింగ్ టేపు అంటించాలి. మొదట రెండు టెయిల్ ల్యాంపులు తీయాలి, చాలా కార్లలో వాటి కిందే బంపరు స్క్రూలు దాగి ఉంటాయి. తరువాత చక్రం గూటిలో బంపరు కొసను పట్టి ఉంచే స్క్రూలు, ఆపైన కింది క్లిప్పులు. ఏ స్క్రూ ఎక్కడిదో తెలిసేలా వేరువేరు గిన్నెల్లో వేసుకోవాలి, విప్పుతూ ఫోనులో ఫోటోలు తీసుకోవాలి. అన్నీ తీశాక చక్రం గూటి వైపు నుంచి మొదలుపెట్టి, అరచేత్తో బంపరు అంచును బయటికి, అంటే పక్కకు లాగితే, లోపలి బ్రాకెట్ల నుంచి టక్ టక్ మని విడిపడుతూ వస్తుంది. వెనక్కు లాగితే ఆ బ్రాకెట్ల పళ్లు విరుగుతాయి. ఎక్కడైనా గట్టిగా పట్టుకుంటే బలం వాడటం మాని, మిగిలిపోయిన స్క్రూ కోసం వెతకాలి. పూర్తిగా దూరం లాగేముందు ఒక పక్క ఉండే ప్రధాన కనెక్టరు విప్పాలి. వైరింగు ఉండగానే లాగితే ఉన్న లోపానికి కొత్తది తోడవుతుంది. బంపరును చాప మీద గాని పాత దుప్పటి మీద గాని, రంగు వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టాలి.

సెన్సరును వెనుక నుంచి ఒక ప్లాస్టిక్ గూడు పట్టి ఉంచుతుంది. దాని రెండు చెవులను సున్నితంగా విడదీస్తే సెన్సరు వెనక్కు వస్తుంది. షాపులో బిగించిన రకమైతే రబ్బరు తొడుగుతో బయటి నుంచి దూర్చి ఉంటుంది, బంపరు లోపలి వైపు నుంచి నెట్టితే బయటికి వస్తుంది. ఎలా తీసినా రబ్బరు రింగును పోగొట్టుకోకూడదు. అది చిట్లితే కొత్తది వేయాలి. చాలా సెన్సర్ల మీద పై వైపును చూపే బాణం గుర్తు ఉంటుంది. తిరగేసి పెడితే అది నేలను చూస్తూ మోగుతుంది.

కొత్త సెన్సరును బంపరు రంగులో కావాలనుకుంటే, దానిని విడిగా పట్టుకుని పల్చగా ఒక పూత మాత్రమే వేయించాలి. బంపరుకు డెంటింగు చేసి సెన్సరు మీదుగానే లప్పం పెట్టి మందంగా రంగు కొట్టిన కార్లలో, బరువెక్కిన ఆ పలక సరిగా కంపించదు. పెయింటింగు తరువాత మొదలైన లోపానికి ముందుగా చూడవలసింది ఇదే.

బాగుచేయడం, బిగించడం, పరీక్షించడం

చిలుము కొద్దిగానే ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, పూర్తిగా ఆరాక, తేమను లోపలికి రానివ్వని డైఎలెక్ట్రిక్ గ్రీజు కొంచెం పూసి బిగించాలి. ఉప్పు కాగితంతో పిన్నులను రుద్దకూడదు, పై పూత పోయి మళ్లీ తొందరగా చిలుము పడుతుంది. పిన్ను తినేసి ఉంటే కొత్త కనెక్టరు ముక్కను అతకాలి. వైరును వెనక్కు కోసుకుంటూ లోపలి రాగి ఎర్రగా మెరిసే చోటుదాకా వెళ్లి, అక్కడ సోల్డరు చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకుని పట్టేది) తొడగాలి. వట్టి ఇన్సులేషన్ టేపు ఇక్కడి తేమకు ఒక వానాకాలం కూడా ఆగదు.

బంపరును పూర్తిగా బిగించకముందే ప్రధాన కనెక్టరు తగిలించి, గొట్టంతో వినే పరీక్ష ఒకసారి చేయాలి. అన్నీ పలికిన తరువాతే స్క్రూలు వేయాలి. ఆపైన నేల మీద సుద్దముక్కతో బంపరు నుంచి 30 సెంటీమీటర్లు, 60 సెంటీమీటర్లు, మీటరు, మీటరున్నర దగ్గర గీతలు గీసి, పివిసి గొట్టాన్ని ప్రతి సెన్సరు ఎదుటా ఒక్కో గీత మీద నిలబెట్టి, దూరం తగ్గేకొద్దీ మోత వేగం పెరుగుతోందో లేదో చూడాలి. రెండే సెన్సర్లున్న కార్లలో నడుమన, మూలల్లో కొంత మేర అందకపోవచ్చు. ఎక్కడ అందడం లేదో గుర్తుపెట్టుకోవాలి.

బాగైన సెన్సరుకు కూడా కనబడనివి కొన్నున్నాయి, అవి మన ప్రాంతంలోనే ఎక్కువ. కొబ్బరి పీచు గుట్ట, గడ్డిమేటు ధ్వనిని మింగేస్తాయి, ప్రతిధ్వని సరిగా రాదు. సన్నని ఇనుప తీగ కంచె చాలాసార్లు అందదు. కాలువ గట్టు అంచు అసలే అందదు: సెన్సరు ఉన్న వస్తువును చూడగలదు గాని లేని నేలను చూడలేదు. ఏటిగట్టు మీద గాని, పంట కాలువ పక్కన గాని బండి వెనక్కు తిప్పేటప్పుడు, సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లను ఏరు దాటించే పడవ) ఎక్కించేటప్పుడు మోత రాలేదంటే దారి ఉందని అర్థం కాదు. అలాంటి చోట ఒక మనిషి దిగి నిలబడి చెప్పాలి.

ఇంత చేసినా, సెన్సర్లన్నీ పలుకుతూ, వోల్టేజీ అంతటా సమానంగా ఉండి, తారుమారు చేసినా లోపం కదలకపోతే, మిగిలింది వైరింగు నడిమి భాగం లేదా కంట్రోల్ యూనిట్. అది ఎలక్ట్రీషియను పని. వారంటీలో ఉన్న కారైతే ఏ వైరూ కోయకముందే సర్వీస్ సెంటరుకు వెళ్లాలి. ఎవరి దగ్గరకు వెళ్లినా, ఏ సెన్సరు ఏ స్థానంలో పలకలేదు, దేనితో తారుమారు చేశారు, ఏ కనెక్టరులో ఎన్ని వోల్టులు వచ్చాయి అన్నవి ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి. ఆయన మొదటి నుంచి వెతకనక్కరలేకుండా నేరుగా ఆ వైరు దగ్గరకే వెళ్తాడు.